సుంకరి దగ్గర సుఖదుఃఖాలు



అమలాపురం నుంచి అల్లవరం మీదుగా సముద్రం వైపు బయల్దేరితే, కొబ్బరితోటలు దాటి, రొయ్యల చెరువులు దాటి, వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే చోటికి చేరతాం. అక్కడ ఒక ఊరుంది. పేరు ఓడలరేవు. పేరులోనే ఓడలున్నాయి, రేవూ ఉంది. ఇప్పుడు వెళ్ళి చూస్తే మాత్రం ఓఎన్‌జీసీ వారి గ్యాసు టెర్మినలు, దాని చుట్టూ ప్రహరీ, ఇసుకలో మత్స్యకారుల పడవలు. కొబ్బరికాయో బియ్యమో నింపుకుని పరదేశం పోయే ఓడ ఒక్కటీ కనపడదు. అదే మండలంలో బెండమూర్లంక ఉంది. ఒకప్పుడు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తక స్థావరం పెట్టుకుంది. ఇవాళ ఆ ఊరి కుర్రాణ్ణి అడిగితే నమ్మడు.

మన కోనసీమకు మూడు వైపులా గోదావరి పాయలు, ఒక వైపు సముద్రం. ఇంత నీరు చుట్టూ ఉన్నా మన సరుకు పరదేశం పోవాలంటే సముద్రానికి వీపు తిప్పి 216 నంబరు జాతీయ రహదారి ఎక్కాల్సిందే. రైలా? కోటిపల్లి నుంచి నరసాపురం లైను కోసం ఎదురుచూస్తూ ఒక తరం ముసలిదైపోయింది. ఆ మాట ఇవాళ వద్దులెండి.

ఇవాళ చెప్పాలనుకున్నది సుంకం గురించి. సుంకం అంటే ఎంత కట్టాలి అన్నది కాదు. కట్టే చోట, కట్టకపోయినా కాగితం చూపించే చోట, మనిషి ఎంతసేపు నిలబడాలి, ఎన్నిసార్లు తిరగాలి, ఏం రాయాలో తెలియక ఎన్ని తప్పులు రాయాలి, దాని గురించి. కస్టమ్స్ పద్ధతులను సులువు చేస్తే మనలాంటి దేశాల వర్తకం పెరుగుతుందని పెద్ద పెద్ద సభల్లో చెబుతుంటారు. ఆ మాట అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు దాకా, ఆత్రేయపురం పూతరేకుల పొయ్యి దాకా వచ్చేసరికి ఏమవుతుందో చూద్దామని నా ప్రయత్నం.

మన భాషలో ఒక సామెత ఉంది. సుంకరి దగ్గర సుఖదుఃఖాలా? అని. సుంకరి అంటే సుంకం వసూలు చేసేవాడు. నీ ఇంట్లో పెళ్ళుందా, నీ ఎద్దు చచ్చిందా, నీ సరుకు వానకు తడిసిందా, వాడికి అనవసరం. వాడితో చెప్పుకోవడం దండగ. అంత అనుభవం లేనిదే సామెత పుట్టదు. ఇంకోటి, కొంచెం పండితుల నోట వినిపించేది, ఘట్టకుటీ ప్రభాత న్యాయం. ఒక వర్తకుడు సుంకం ఎగ్గొడదామని రాత్రంతా అడ్డదారుల్లో బండి తోలాడట. తెల్లవారి చూసుకుంటే బండి సరిగ్గా సుంకరి గుడిసె ముందే ఉందట. రెంటినీ పక్కపక్కన పెట్టండి. ఒకటి చెప్పుకోలేనిది, రెండోది తప్పించుకోలేనిది. మన పూర్వీకులకు కస్టమ్స్ అంటే ఈ రెండే.

కంపెనీ ప్రభుత్వపు తొలిరోజుల్లో సముద్రం దాటే సరుకుకే కాదు, ఊరు దాటే సరుకుకీ సుంకమే. రహదారి సుంకమనీ సాయరనీ దారి పొడుగునా చౌకీలు. నేతగాడి బట్ట మగ్గం దిగి రేవు చేరేలోపు ఎన్ని చేతులు తడపాలో. 1844లో చట్టం చేసి మద్రాసు రాజధాని అంతటా ఈ లోపలి సుంకాలు ఎత్తేశారు. దయతో కాదు, వసూలయ్యే డబ్బు కంటే చచ్చిపోయే వర్తకం ఎక్కువని లెక్క తేలింది కనుక. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, 173 ఏళ్ళ తరవాత మళ్ళీ వస్తుంది.

మనకు ఇంకా దగ్గరి కథ యానాం. ఎదుర్లంక రేవులో పడవెక్కి గౌతమి దాటితే అప్పట్లో ఫ్రెంచి దేశం. భాష అదే, బంధువులు వాళ్ళే, గోంగూర పచ్చడి రుచి అదే. ప్రభుత్వం వేరు. 1941లో ఇక్కడి ఇంగ్లీషు ప్రభుత్వమూ ఫ్రెంచి వారూ కస్టమ్స్ ఒప్పందం చేసుకున్నారు కాబట్టి మధ్యలో పెద్ద తనిఖీ లేకుండా సాగింది. స్వతంత్రం వచ్చాక, 1949 ఏప్రిల్ నుంచి ఆ ఒప్పందం ముగిసింది. ఒక్కసారిగా గౌతమి అవతలి ఒడ్డు విదేశమైపోయింది. పుట్టింటికి వెళ్ళి వచ్చే ఆడపడుచు సంచీ కూడా విదేశీ సరుకే. దొంగరవాణా పెరిగిందని పెద్దలు చెప్పుకునే కథలన్నీ ఆ అయిదేళ్ళవే. 1954లో యానాం మనలో కలిసేదాకా అదే తంతు. ఇప్పుడు అదే చోట బాలయోగి గారి పేరు మీద వంతెన ఉంది. బస్సులో కునుకు తీసేలోపు దాటేస్తాం. సరిహద్దు గీత ఉన్నప్పుడు నది ఎంత వెడల్పుండేదో, గీత పోయాక ఎంత సన్నబడిందో కోనసీమ వాళ్ళకు చెప్పక్కర్లేదు.

ఇక ఈ కాలానికి వద్దాం. మన రొయ్యకు, మన కొబ్బరికి, మన పీచుకు దేశం దాటేటప్పుడు మన ప్రభుత్వం వేసే ఎగుమతి సుంకం లేదు. అయినా కస్టమ్స్ దాటకుండా ఒక్క కిలో కూడా పోదు. అంటే సుంకం పోయింది, సుంకరి ఉన్నాడు. ఖర్చంతా అక్కడే: నిరీక్షణ, కాగితాలు, ఏజెంటు, గోడౌను అద్దె, కంటైనరు అద్దె, కుళ్ళిపోయే సరుకు. ప్రపంచ వాణిజ్య సంస్థ 2015లో ఒక లెక్క కట్టింది. ఈ పద్ధతులను అన్ని దేశాలూ ఒప్పుకున్నట్టుగా సవరిస్తే వర్తకపు ఖర్చు సగటున 14.3 శాతం తగ్గుతుందని. దానికోసం ఒక ఒప్పందం ఉంది. 2013 డిసెంబరులో బాలిలో కుదిరింది, మన దేశం 2016 ఏప్రిల్‌లో ఆమోదించింది, 2017 ఫిబ్రవరి 22న అమల్లోకి వచ్చింది. వాణిజ్య సౌలభ్య ఒప్పందం అంటారు. అందులో ఏముందో చెప్పమంటే నేను ఇలా చెబుతాను. నియమాలు ముందే బయటపెట్టు. అడిగినవాడికి జవాబు చెప్పు. నియమం మార్చేముందు వర్తకుణ్ణి ఒక మాట అడుగు. పాడయ్యే సరుకును ముందు వదులు. ఒకే కాగితాన్ని పది చోట్ల అడక్కు. మొత్తం మీద, సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకోవచ్చు అని అంతర్జాతీయ స్థాయిలో రాసిపెట్టుకున్నారన్నమాట. మన సామెతను తిరగరాశారు.

రాసుకోవడం వేరు, జరగడం వేరు. జరిగిన చోటు నుంచే మొదలుపెడతాను.

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు సంగతి మీకు చెప్పాలా? రాసులు పోసిన కాయలు, ఒలుపు కూలీల గునపాల చప్పుడు, కురిడీలో గండేరా అనీ గటగటా అనీ రకాలు, ఆ పేర్లతోనే రోజూ ధరలు. కాయను పూర్తిగా ఒలవరు. కళ్ళ మీద కొంచెం పిలక వదులుతారు. అది దేవుడి కోసమనుకుంటాం. దూరప్రయాణం కోసం కూడా. కళ్ళకు గాలి తగిలితే కాయ చెడుతుంది. ఆ పిలక పెట్టుకుని కాయ బీహారుకు, రాజస్థానుకు, గుజరాతుకు పోతుంది. ఛఠ్ పండగకు పాట్నాలో నీళ్ళలో నిలబడి అర్ఘ్యమిచ్చే ఆవిడ చేతిలో మన కోనసీమ కాయ ఉండొచ్చు.

2017కు ముందు ఆ లారీ ఎలా వెళ్ళేదో పాత డ్రైవర్లను అడగండి. ఇచ్ఛాపురం దగ్గర రాష్ట్రం దాటడానికి ఒక చెక్‌పోస్టు. ఒడిశాలోకి అడుగు పెట్టగానే ఇంకోటి. తరవాత రాష్ట్రంలో మళ్ళీ. వే బిల్లు చూపించు, మార్కెట్ కమిటీ సెస్సు రసీదు చూపించు, ఆ రాష్ట్రపు పర్మిట్ ఫారం చూపించు. వరసలో ముందు వంద లారీలు. లారీ కింద స్టవ్ పెట్టి అన్నం వండుకుని, తిని, పడుకుని, లేచినా లారీ కదలదు. టార్పాలిన్ కింద ఎండకు కాయ పగుళ్ళిస్తుంది, నీళ్ళు ఇంకిపోతాయి. అవతల దింపుకునేవాడు పగిలిన కాయను లెక్కలో తీసేస్తాడు. ఆ తీసివేత ఎవరి మీద పడుతుంది? మెట్ల మీద మెట్లు దిగి చివరకు దింపు తీయించిన రైతు మీద. కాయకు అర్ధరూపాయి తగ్గిందంటే ఎందుకు తగ్గిందో రైతుకు తెలియదు. ఇచ్ఛాపురంలో ఆగిన లారీ వల్ల అని అతనికెవరు చెబుతారు?

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. వారం తిరక్కుండానే చాలా రాష్ట్రాలు ఆ చెక్‌పోస్టులు ఎత్తేశాయి. 1844 లెక్కే ఇది, రెండోసారి. జీఎస్టీ మీద ఎవరికి ఎన్ని ఫిర్యాదులున్నా, నాకూ ఉన్నాయి, ఈ ఒక్క పనికి మాత్రం లారీ డ్రైవర్లందరూ దండం పెట్టారు. 2018 ఏప్రిల్ నుంచి రాష్ట్రాల మధ్య ఈ-వే బిల్లు అన్నారు. 50 వేల రూపాయలు దాటిన సరుకుకు బయల్దేరేముందే కంప్యూటర్లో నమోదు చేసుకోవాలి. కొబ్బరికాయకు పన్నే లేదు కనుక ఆ బెడదా లేదు. మిగతా సరుకుకు సుంకరి గుడిసె దారి పక్క నుంచి మన ఫోనులోకి వచ్చింది. అందులో కునికిపాట్లు పడే గుమాస్తా లేడు, లంచం అడిగే చెయ్యీ లేదు. నెట్టు పోతే మాత్రం ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు.

కాయకు పన్ను లేదన్నాను కదా. అదే కాయను ఎండబెట్టి కొబ్బరి చేస్తే, అది కోప్రా అనే లెక్కలోకి పోయి 5 శాతం. ఎంత ఎండితే కాయ కోప్రా అవుతుంది? నవ్వకండి, ఇది కోట్ల ప్రశ్న. దీనికి అన్నగారి లాంటి తగవు కొబ్బరినూనెది. చిన్న సీసాలో పోసిన కొబ్బరినూనె వంటనూనా, తలనూనా? వంటనూనె అయితే ఒక పన్ను, తలనూనె అయితే 2025 దాకా అంతకు మూడు నాలుగు రెట్లు. ఈ తగవు ఎక్సైజు రోజుల నుంచీ నలిగి, ట్రిబ్యునళ్ళు దాటి, 2018లో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పి, చివరకు 2024 డిసెంబరు 18న ముగ్గురి ధర్మాసనం తేల్చింది. తలనూనె అని సీసా మీద రాసి, ఆ లక్షణాలతో అమ్మితే తప్ప, సీసా చిన్నదైనంత మాత్రాన కొబ్బరినూనె తలనూనె అయిపోదు, తినే నూనే అని. మన అమ్మమ్మను అడిగితే రెండూ అనేది. ఆవిడకు ఒకే సీసా, ఒకే చెయ్యి.

ఇది నవ్వుకోవడానికి చెప్పలేదు. కస్టమ్స్‌లో సగం కష్టాలు పేరు దగ్గరే పుడతాయి. ప్రపంచంలో వర్తకమయ్యే ప్రతి వస్తువుకీ ఒక సంఖ్య ఉంది. హెచ్ఎస్ కోడ్ అంటారు. బ్రస్సెల్స్‌లోని ప్రపంచ కస్టమ్స్ సంస్థ నడిపే పట్టిక అది, 1988 నుంచి అమల్లో ఉంది. కొబ్బరికాయకు 0801, కోప్రాకు 1203, కొబ్బరినూనెకు 1513, పీచుకు 5305. సంఖ్య తప్పితే సుంకం తప్పుతుంది, అవతలి దేశంలో సరుకు ఆగుతుంది. పెద్ద కంపెనీకి దీనికో లాయరుంటాడు. చిన్నవాడికి? వాణిజ్య సౌలభ్య ఒప్పందంలో దీనికో మందు రాశారు, ముందస్తు నిర్ణయం అని. సరుకు పంపకముందే అడుగు, ఏ పేరో, ఏ సంఖ్యో మేమే చెబుతాం, చెప్పాక మాట తప్పం అని. మన దేశంలో ఈ పనికి 2021 నుంచి ఢిల్లీలోనూ ముంబైలోనూ అధికార సంస్థలున్నాయి. రాజోలు పీచు మిల్లువాడికి ఇలాంటిదొకటుందనే తెలియదు. వాడు అడిగేది పక్క మిల్లువాణ్ణి. పక్క మిల్లువాడు వేసిన కోడే వీడూ వేస్తాడు. ఇద్దరూ తప్పైతే ఇద్దరూ కలిసి బాధపడతారు.

ఇక రొయ్య. ఇక్కడ కొంచెం నిలబడదాం, ఎందుకంటే ఈ వర్తకమంతా గడియారంతో పందెం.

కాట్రేనికోన వైపు చెరువు గట్టు మీద తెల్లవారుజామున పట్టుబడి. బల్బుల వెలుతురులో వల లాగుతారు, రొయ్యలు టపటపా ఎగురుతుంటాయి. కొనేవాళ్ళ మనిషి ఒక గుప్పెడు తీసి తూచి లెక్కపెడతాడు. కిలోకు ఎన్ని తూగితే అంత కౌంటు. 30 కౌంటయితే రైతు ముఖం వెలుగుతుంది, 100 అయితే నేల చూస్తాడు. ఆ క్షణం నుంచి ఐసు కరగడం మొదలు. ప్లాంటులో తల తీసి, వలిచి, గడ్డకట్టించి, పెట్టెల్లో పెట్టి, మైనస్ 18 డిగ్రీల కంటైనరులోకి ఎక్కిస్తారు. అక్కణ్ణుంచి ఎక్కువగా విశాఖపట్నం రేవు.

ఇదివరకు కంటైనరు నింపేటప్పుడు ఎక్సైజు అధికారి వచ్చి చూసి సీలు వెయ్యాలి. ఆయనకు ఆ రోజు వేరే చోట పనుంటే? పెళ్ళికి వెళ్తే? ఆయన వచ్చేదాకా తలుపు మూయడానికి లేదు. 2017 నుంచి ఆ పద్ధతి మార్చారు. అనుమతి తీసుకున్న ఎగుమతిదారు తన ఫ్యాక్టరీలోనే తానే ఎలక్ట్రానిక్ సీలు వేసుకోవచ్చు. రేవులో యంత్రం ఆ సీలును చదువుతుంది, ఎవరూ విప్పలేదని తెలిస్తే లోపలికి పోనిస్తుంది. షిప్పింగ్ బిల్లు ఐస్‌గేట్ అనే కస్టమ్స్ వెబ్‌సైటులో ఇంటి దగ్గర నుంచే వేసుకోవచ్చు. సముద్రం మీద పోయే ఎగుమతి సరుకును త్వరగా వదలాలని మన ప్రభుత్వమే లక్ష్యం పెట్టుకుంది. ప్రపంచ బ్యాంకు సులభ వాణిజ్య నివేదికల్లో సరిహద్దు వర్తకం అంశంలో మన ర్యాంకు 146 నుంచి 80కి, మరుసటి ఏడు 68కి వచ్చిందని గొప్పగా చెప్పుకున్నాం. ఆ నివేదికనే తరవాత లెక్కల్లో తేడాలొచ్చాయని బ్యాంకు 2021లో ఆపేసింది. కాబట్టి ర్యాంకులు నేను పట్టించుకోను. ఫ్యాక్టరీలో సీలు వేసుకునే మనిషి ఇవాళ అధికారి కారు కోసం గేటు వైపు చూడటం లేదు, నాకది చాలు.

అయితే రొయ్యకు అసలు పరీక్ష మన రేవులో కాదు, అవతలి రేవులో. మన రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు దొరికాయని ఐరోపా సమాఖ్య 2016లో తనిఖీ బాగా పెంచింది. అంతకుముందు పది కంటైనర్లలో ఒకటి పరీక్షించేవాళ్ళు, అప్పట్నుంచి సగం. పరీక్ష ఫలితం వచ్చేదాకా కంటైనరు కరెంటు ప్లగ్గుకు తగిలించి కూర్చోవాలి, రోజుకింత అద్దె. ఒక్క పెట్టె తప్పైతే మొత్తం వెనక్కి, లేదా బూడిద. తప్పు చేసింది ఏ చెరువో తేలేలోపు ధర పడేది అన్ని చెరువుల గట్ల మీదా. ఇక్కడ నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. పరీక్షలు తీసెయ్యమనడం సౌలభ్యం కాదు. తినేవాడి ప్రాణం కంటే మన కంటైనరు ఎక్కువ కాదు. పట్టుబడికి ముందే, చెరువు దగ్గరలోనే నమ్మకమైన పరీక్ష చేసి, ఆ కాగితాన్ని అవతలి దేశం గౌరవిస్తే సగం గొడవ ఉండదు. మొదటి పరీక్షలో తప్పని తేలితే రెండో పరీక్ష అడిగే వీలు కల్పించవచ్చని ఆ బాలి ఒప్పందంలో ఉంది. కల్పించి తీరాలని లేదు, కల్పించవచ్చు అని ఉంది. ఆ ఒక్క క్రియాపదం దగ్గర ఎంతమంది రాత్రంతా కూర్చుని వాదించుకున్నారో.

2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు ఆ కబురుకే గట్టు మీద ధరలు కుంగాయి. పద్ధతులు ఎంత నున్నగా చేసినా అలాంటి దెబ్బను ఆపలేవు. ఈ-సీలు ఎంత తళతళలాడినా దాని మీద 50 శాతం పడితే పడ్డట్టే. సౌలభ్యం గురించి మాట్లాడేవాళ్ళు ఈ మాట కూడా చెప్పాలి, లేకపోతే రైతు మనల్ని నమ్మడు.

మన ఒక్కళ్ళ కష్టమేమీ కాదిది. ఆఫ్రికాలో జాంబియా, జింబాబ్వేల మధ్య చిరుందు అనే చోట జాంబేజీ నది మీద వంతెన ఉంది. లారీ ఈ ఒడ్డున ఒకసారి, ఆ ఒడ్డున ఒకసారి, రెండు దేశాల సుంకరులకూ కాగితాలు చూపించి రోజుల తరబడి పడిగాపులు పడేది. 2009 డిసెంబరులో రెండు దేశాల అధికారులనూ ఒకే ప్రాంగణంలో కూర్చోబెట్టారు. లారీ ఒక్కసారే ఆగుతుంది. కొత్త యంత్రమేమీ కాదు, రెండు బల్లలను దగ్గరికి జరపడం. గౌతమి మీద యానాం కథ తెలిసినవాళ్ళకు ఇది చప్పున అర్థమవుతుంది.

బల్లలు జరపడమంటే గుర్తొచ్చింది. మన దేశంలో 2016 ఏప్రిల్ నుంచి దిగుమతులకు ఒకే కిటికీ అనే పద్ధతి పెట్టారు. ఆహార భద్రత వాళ్ళు, మొక్కల క్వారంటైన్ వాళ్ళు, మందుల నియంత్రణ వాళ్ళు, అందరూ ఒకే దరఖాస్తు చూస్తారు. 2020 అక్టోబరు చివరికి దేశమంతా ముఖం చూడని మదింపు వచ్చింది. విశాఖలో దిగిన సరుకు కాగితాలను ఏ ఊళ్ళోనో కూర్చున్న అధికారి చూస్తాడు. ఆయనెవరో వర్తకుడికి తెలియదు, వర్తకుడెవరో ఆయనకు తెలియదు. లంచానికి ఇది మంచి మందు. కానీ ఒక్కోసారి అవతలి మనిషికి మన వస్తువు ఏమిటో నోటితో చెప్పాలి కదా. తాడు పేనే యంత్రం విడిభాగాలు తెప్పించినవాడు, తెర మీద వచ్చిన ప్రశ్నకు తెర మీదే జవాబు రాయాలి, ఇంగ్లీషులో, ఏజెంటు చేత. ముఖం లేని సుంకరి లంచం అడగడు, మంచిదే. సుఖదుఃఖాలు వినడానికీ ముఖం లేదు. ప్రతి రేవులో సందేహాలు తీర్చే కేంద్రాలు పెట్టారు. అవి రేవులోనే ఉన్నాయి. కొత్తపేటలో ఒకటి, నెలకు ఒక్కరోజైనా, తెలుగులో మాట్లాడే అధికారితో పెడితే ఎంత ఖర్చవుతుంది?

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు కువైట్ డబ్బుతో కట్టని ఇల్లు తక్కువ. ఏళ్ళ తరబడి వంటపని చేసి తిరిగొచ్చే ఆడవాళ్ళకు కస్టమ్స్ అంటే విమానాశ్రయంలో గాజులు చూసే బల్ల. 2016లో రాసిన నియమం ప్రకారం ఏడాదికి పైగా బయట ఉండి వచ్చిన ఆడమనిషి 40 గ్రాముల నగలు సుంకం లేకుండా తెచ్చుకోనిచ్చేవారు, విలువ లక్ష రూపాయలు దాటకూడదనేవారు. రాసిన రోజున ఆ రెండూ ఇంచుమించు ఒకదానికొకటి సరిపోయేవి. తరవాత బంగారం పది గ్రాములే లక్ష దాటిపోయింది. కాగితం మీద 40 గ్రాములు అలాగే ఉంది, లక్ష కూడా 2026లో మార్చేదాకా అలాగే ఉండిపోయింది. మనిషి దొంగ కాలేదు, నియమం ముసలిదైంది. ఆ బల్ల ముందు నిలబడి తన చేతి గాజుల గురించి హిందీలో సంజాయిషీ చెప్పుకున్న ఆవిడకు సామెత కొత్తగా నేర్పక్కర్లేదు.

చివరగా నా సొంత సంగతి ఒకటి, ఇందులో తప్పు నాదే.

డల్లాస్‌లో మా అక్క మనవరాలుంది. ఆ పిల్లకు ఒక పార్సెల్ పంపాలనుకున్నాను. ఆవకాయ మా ఇంట్లో పట్టిందే. పూతరేకులు ఆత్రేయపురం వెళ్ళి కొన్నాను. 2023లో ఆ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, పిల్లకు ఆ సంగతి కూడా చెప్పి పంపాలని. బోర్లించిన కుండ మీద, బియ్యపు పాలలో ముంచిన గుడ్డను ఒక్కసారి అలా లాగితే పొరై లేస్తుంది. ఆ పొరను చేతిలో పెట్టుకుంటే గీతలు కనపడతాయి. అంత పల్చటిదాన్ని సముద్రాలు దాటించాలనుకోవడమే సాహసం. పార్సెల్ ఫారంలో వస్తువు పేరు అన్న చోట నేనేం రాశాను? స్వీట్స్ అండ్ పికిల్. అంతే. అది అక్కడ ఆగింది. ఏం స్వీట్? దేనితో చేసింది? ఎవరు చేశారు? ఇంట్లో చేసి బహుమతిగా పంపే తిండికి ఆ దేశంలో ముందస్తు నోటీసు అక్కర్లేదట, కొన్నదానికి కావాలట. అంటే నా పెట్టెలో ఆవకాయకు ఒక న్యాయం, పూతరేకులకు ఒక న్యాయం. ఈ తేడా నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

రెండోసారి జాగ్రత్తగా పంపుదామనుకునేలోపు 2025 ఆగస్టు వచ్చింది. 800 డాలర్ల లోపు పార్సెళ్ళకు సుంకం లేదన్న వెసులుబాటును అమెరికా ఆ నెల 29 నుంచి తీసేసింది. సుంకం ఎవరు వసూలు చెయ్యాలో, ఎలా కట్టాలో తేలక మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి పార్సెళ్ళు ఆపేసింది. 100 డాలర్ల లోపు బహుమతికి సుంకం లేదన్నారు, ఆనక అదీ తీసుకోలేదు. దసరా వెళ్ళిపోయింది. ఊరగాయల అంగడివాళ్ళు, ఆత్రేయపురంలో పొయ్యి దగ్గర కూర్చునే ఆడవాళ్ళు, వీళ్ళలో పన్ను కట్టనన్నవాళ్ళు ఒక్కరూ లేరు. కట్టించుకునే పద్ధతి లేకనే ఆగింది. అక్టోబరు 15న మళ్ళీ మొదలైంది, సుంకం ఇక్కడే ముందుగా కట్టించుకునే ఏర్పాటుతో. ఏడు వారాలు. పద్ధతి లేకపోవడమంటే ఏమిటో ఎవరైనా అడిగితే ఆ ఏడు వారాలు చూపిస్తాను.

తపాలా శాఖ వారే 2022 నుంచి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలని తెరిచారు, దేశంలో వెయ్యి దాకా ఉన్నాయి. చిన్న వర్తకుడు రేవుకు పోకుండా, పోస్టాఫీసు నుంచే ఎగుమతి బిల్లు వేసుకుని పార్సెల్ పంపొచ్చు. నాకు అన్నిటికంటే నచ్చిన సంస్కరణ ఇదే, ఎందుకంటే సుంకరి గుడిసె మొదటిసారి మన గడప దగ్గరికి, మన మేలు కోసం వచ్చింది. వర్తకం చేసేవాళ్ళు మాత్రం ఎగుమతి దిగుమతి కోడ్ తీసుకోవాలి, ఏటా ఏప్రిల్, జూన్ మధ్య దాన్ని వెబ్‌సైటులో సరిచూసి మళ్ళీ నమోదు చెయ్యాలి. మార్పేమీ లేకపోయినా సరే, లేదని చెప్పాలి. మర్చిపోతే కోడ్ ఆగిపోతుంది. మహిళా సంఘాల వాళ్ళు వింటుంటే ఇది క్యాలెండరు మీద రాసుకోండి.

సరే, పార్సెల్ మొదలయ్యాక నేను మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఇంట్లోనే హెచ్ఎస్ పట్టిక ముందేసుకుని ఒక మధ్యాహ్నం కూర్చున్నాను. పూతరేకు ఎక్కడుంటుంది? 1704లో చక్కెర మిఠాయిలున్నాయి. 1905లో చూస్తే రొట్టెలు, కేకులు, బిస్కెట్లు, చర్చిలో ప్రార్థన రొట్టె పొరలు, మందు పోసుకునే ఖాళీ గుళికలు, ఆ వరసలో చివరన బియ్యపు కాగితం అని ఉంది. బియ్యపు కాగితం! ఎవరో బ్రస్సెల్స్‌లో కూర్చుని ఆత్రేయపురం కుండను చూసినట్టే రాశారు. ఏ దేశపు కాగితాన్ని తలుచుకుని రాశారో గానీ, నాకు మాత్రం మా ఊరి దాన్ని చూసినంత సంబరమైంది.

ఫారంలో ఉన్న చిన్న గడిలో పట్టేలా అక్షరాలు కుదించి రాశాను. బియ్యపు పొరలు, బెల్లం, నెయ్యి, జీడిపప్పు, బరువు ఇంత, వెల ఇంత, సంఖ్య 1905. కౌంటరులో అమ్మాయి చదివి, తలెత్తి, "ఏంటండీ బాబాయిగారూ ఇది?" అంది.

"పూతరేకులమ్మా" అన్నాను.

"అలా చెప్పొచ్చు కదండీ" అంటూ పెట్టెను కాటా మీద పెట్టింది.